కొసరు లేని టైమింగు

పంపు పని నేర్చుకుంటామని అప్పుడప్పుడూ కుర్రాళ్ళు మా ఇంటికి వస్తుంటారు. చేతిలో ఫోను, ఫోనులో ఇంజను బొమ్మ. ‘డీజిలు పంపు టైమింగు ఎంత ముందుకు జరిపితే లారీ ఎంత పరిగెత్తుతుంది సార్?’ అని అడుగుతారు. దానికి జవాబు ఇంజను తయారు చేసినవాడు ఇంజను మీదే గీత గీసి చెప్పాడు. ఆ గీత దగ్గర పెట్టి బోల్టు బిగించడం నేర్చుకోవడానికి ఒక పూట చాలు. మిగిలిన నా పనికాలమంతా అక్కడ పెట్టనివ్వని మనుషులతో గడిచింది. అందుకని ఇందులో పంపుల గురించి తక్కువ, వాళ్ళ గురించి ఎక్కువ ఉంటుంది. పంపుల గురించే కావాలంటే ఫోను చూసుకోండి, అందులో నాకంటే మర్యాదగా చెబుతారు.

కొట్లోంచి పంపు గదిలోకి

మాది ఒడిశాలోని బరంపురం బడా బజార్లో కిరాణా కొట్టు. అక్కడి తెలుగు వ్యాపారుల ఇళ్ళలో పిల్లవాడికి అక్షరాల కంటే ముందు రెండు సంగతులు ఒంటబడతాయి. మొదట చెప్పిన ధర ధర కాదు. తూకం అయ్యాక ఇచ్చే కొసరు తూకం కంటే ముఖ్యం. పప్పు తూచి పొట్లం కట్టబోయే ముందు పిడికెడు పైన వేస్తే కొనేవాడి మొహం వెలుగుతుంది. ఆ పిడికెడు తూకంలోనే మినహాయించుకున్నారని అతనికీ తెలుసు. అయినా వెలుగుతుంది.

నేను కొట్టుకు పనికిరానని మా నాన్న తొందరగానే తేల్చేశాడు. బేరం రాక కాదు, మరీ ఎక్కువగా వచ్చి. నెయ్యి కోసం వచ్చిన ఒక ఆఫీసరు గారి భార్యతో పొద్దున్న మొదలుపెట్టిన బేరం మధ్యాహ్నానికి గెలిచాను. ఆవిడ నేను చెప్పిన ధరే ఇచ్చి, నెయ్యి పట్టుకుని, మళ్ళీ మా వీధి మొహం చూడలేదు.

‘గెలవడానికి కూకున్నావేట్రా కొట్లో? అమ్మడానికి కదా కూకోబెట్టినాను’ అన్నాడు మా నాన్న.

ఆ వారంలోనే నన్ను పాత బస్టాండు వెనక పాత్రో మాస్టారి పంపు గదిలో చేర్పించారు. అక్కడ బేరానికి చోటుండదనీ, నా రోగం కుదురుతుందనీ మా నాన్న నమ్మకం.

పాత్రో మాస్టారి గది వంటింటి కంటే శుభ్రంగా ఉండేది. చెప్పులు బయట విడవాలి. పంపులో ఒక్క ఇసుక రేణువు పడితే లోపలి భాగాలు పాడవుతాయి. అందుకని లారీ ఓనర్లు ఎంత పెద్దవాళ్ళయినా ఆయన గడప దగ్గర వట్టి కాళ్ళతో నిలబడాల్సిందే. ఒడియా, తెలుగు కలిపి మాట్లాడేవారు, రెండింటిలోనూ తక్కువే మాట్లాడేవారు. పంపుల విషయంలో ఆయనంత పనిమంతుణ్ణి నేను చూడలేదు. మనుషుల విషయంలో ఆయనంత అమాయకుణ్ణీ చూడలేదు. నిజం ఒకసారి చెబితే చాలని అనుకునేవారు.

ముందుకు జరపడమంటే

ఇది తెలియనివాళ్ళ కోసం. తెలిసినవాళ్ళు దాటి వెళ్ళిపోండి.

డీజిలు ఇంజనులో మంట పెట్టడానికి నిప్పురవ్వ ఉండదు. పిస్టను పైకి వచ్చి గాలిని నొక్కేస్తే ఆ గాలి సలసలా కాగుతుంది. అందులోకి పంపు డీజిలు చిమ్ముతుంది, అది అంటుకుంటుంది. అయితే చిమ్మిన క్షణంలోనే అంటుకోదు. నూనెలో వేసిన ఆవాలు చిటపటలాడటానికి కొంచెం వ్యవధి పట్టినట్టే దీనికీ పడుతుంది. అందుకని పిస్టను పైకి చేరడానికి కొంచెం ముందే చిమ్మాలి. అప్పుడు మంట తోపు సరిగ్గా పిస్టను కిందికి దిగే వేళకి అందుతుంది. ఆ ‘కొంచెం ముందే’ని అడ్వాన్సు అంటాం, డిగ్రీల్లో కొలుస్తాం. ఇంజను వేగం పెరిగితే ఇంకొంచెం ముందు చిమ్మాలి కాబట్టి, పంపు ముందర ఒక డబ్బా ఉంటుంది. అందులో స్ప్రింగులతో పట్టి ఉంచిన దిమ్మలు రెండు. వేగానికి అవి విచ్చుకుని పంపును తమంతట తామే కాస్త ముందుకు తిప్పుతాయి.

మరీ ముందు చిమ్మితే పిస్టను ఇంకా ఎక్కుతుండగానే మంట ఎదురొచ్చి నెత్తిన మొట్టుతుంది. ఇంజనును లోపలినుంచి సుత్తితో కొడుతున్నట్టు టంగు టంగున మోగుతుంది. వేడెక్కుతుంది, మంటా నీళ్ళూ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోతుంది, ఒక్కోసారి పిస్టనుకే చిల్లి పడుతుంది.

అసలు ఇబ్బంది ఏమిటంటే, ఆ మోత మా వైపు లారీ ఓనర్లకు ఇంపుగా ఉండేది. ‘ఇంజను మాటాడతంది’ అనేవారు. అడ్వాన్సు రవ్వంత పెంచితే పొగ తగ్గి బండి చురుగ్గా లాగే మాటా నిజమే. రవ్వంతకే ఇంత లాగితే గుప్పెడు వేస్తే ఎంత లాగుతుందోనని వాళ్ళ లెక్క. ఒడియా డ్రైవర్లయితే గడప బయటి నుంచే ‘ఆఉ టికే, ఆఉ టికే’ అనేవారు, ఇంకొంచెం, ఇంకొంచెం అని. అన్నంలో పప్పు వడ్డించమన్నట్టు.

నేను పెట్టిన దుకాణం

ఎవరైనా వచ్చి ‘ఎంత ముందుకెడతావు మాస్టారూ?’ అంటే పాత్రో మాస్టారు ‘గీత మీద పెడతాను’ అనేవారు. అంతే. ఓనరు మొహం మాడ్చుకుని వెళ్ళి రోడ్డు పక్క మేస్త్రీ దగ్గర పని చేయించుకునేవాడు. ఆ మేస్త్రీకి డిగ్రీలతో పని లేదు. పంపును ఇంజనుకు కలిపే కప్లింగు బోల్టులు వదులు చేసి, సుత్తితో ఒక దెబ్బ వేసి, బిగించేవాడు. కొన్నాళ్ళకి పిస్టను చిల్లి పడి అదే బండి తాడుతో కట్టుకుని మా గది ముందుకు వచ్చేది.

‘చెప్పానా’ అనేవారు మాస్టారు, భోజనం చేసినంత తృప్తిగా.

మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఆయనకు బండి బాగుపడటం కంటే తన మాట నిజం కావడం ఎక్కువ ఇష్టం. పనిమంతులైన పై అధికారులు చాలామందిలో ఈ జబ్బు ఉంటుంది. మీకు అలాంటివాడు దొరికితే పని నేర్చుకోండి, జబ్బు అంటించుకోకండి.

నేను చూసిందేమిటంటే, బరంపురంలో ఎవరూ మొదట చెప్పింది నమ్మరు. గీత దగ్గర పెట్టి ఇదే సరైనదంటే, దీనికి పైన ఇంకా ఏదో దాచాడని అనుకుంటారు. కాబట్టి దాచినట్టే అమ్మాలి. మాస్టారు బయటికి వెళ్ళిన ఒకనాడు ఆస్కా నుంచి వచ్చిన లారీ మీద మొదలుపెట్టాను. టైమింగు గీత కంటే వెనక పెట్టి ఇచ్చాను. ఓనరు ఛత్రపురం దాకా తిప్పుకుని వచ్చాడు.

‘ఏటి మేస్త్రీ, లాగడం నేదు.’

నేను కణత గోక్కున్నాను. ‘ఒక డిగ్రీ ముందుకి ఇవ్వగలను బాబూ. అంతకంటే ఇస్తే మాస్టారు నన్ను ఉండనివ్వరు.’

‘నాలుగియ్యి.’

‘ఒకటిన్నర.’

‘మూడుకి తక్కువైతే ఆ రోడ్డు పక్కోడి కాడికి ఎల్లిపోతాను.’

‘మీ మొహం చూసి రెండు. ఎవరికీ చెప్పకండి.’

జరిపాను. అతను క్యాబిన్లోకి ఎక్కి తలుపు వేసుకుంటుంటే స్పానరు పట్టుకుని వెనక పరిగెత్తి, ‘ఆగండి, కొసరు ఇవ్వలేదు’ అని బోనెట్టు ఎత్తించి ఇంకో వెంట్రుకంత జరిపాను. అప్పుడు టైమింగు సరిగ్గా ఇంజను చేసినవాడు గీసిన గీత మీద నిలిచింది. అతను నా భుజం తట్టి వెళ్ళాడు.

అలా ఊరి బళ్ళన్నీ ఒకటొకటిగా గీత మీదికి వచ్చాయి. టీ బడ్డీ దగ్గర ఓనర్లు ఎవరి టైమింగు ఎంత ముందుందని పందాలు వేసుకునేవారు. అందరిదీ ఒకటే. సంగతి మాస్టారికి తెలిసినరోజు ఒక నాజిలు తుడుస్తూ అడిగారు: ‘నువ్వు దొంగవా, డాక్టరువా?’

‘కొట్టువాణ్ణి మాస్టారూ.’

ఆయన మళ్ళీ నాజిలు తుడవడంలో పడ్డారు. ఆ తరవాత ఎవరొచ్చి ఎంత ముందుకు పెడతావని అడిగినా ‘వాణ్ణి అడగండి’ అని నావైపు చూపించడం మొదలుపెట్టారు. నాకంటే తెలివైనవాడు ఆ గడప తొక్కడనే ధీమాతో కొంతకాలం హాయిగా బతికాను.

సూరమ్మ

గోపాలపూర్ సముద్రపు ఒడ్డున చేపల వ్యాపారం చేసే సూరమ్మ ఒకనాడు పొద్దున్నే లారీ తెచ్చింది. ఒకప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని బరంపురం వీధుల్లో చేపలమ్మిన మనిషి. అప్పటికి సొంత లారీ, తోలడానికి మరిది అప్పన్న. పడవలు ఒడ్డుకు చేరగానే చేపలు కొని, పెట్టెల్లో ఐసు పరిచి, కలకత్తా పక్కన హావ్రా బజారుకు తోలేది. చెప్పులు విడవమంటే, ‘ఏసుకుంటే కదా ఇడవడానికి’ అని లోపలికి వచ్చింది.

‘ఓ బాబూ, నాకు బండి ముందుగెల్లాల. ఆవ్రాలో ఏలం తెల్లారకుండానే మొదలెట్టెస్తారు. ఏలం అయిపోయినంక ఎల్తే సేపని ఎవుడూ సూడడు. మొన్నా ఆలీసమే, అవతల మొన్నా ఆలీసమే. ఇంకో పాలి ఆలీసమైతే ఆ కమీసను సావుకారు నా పెట్లెట్టుకునే జాగా ఇంకోలికి ఇచ్చెస్తానన్నాడు. ఆ జాగా పోతే నాను మల్లీ తట్టెత్తుకోడమే.’

‘మరి బండి మెల్లగా తోలుతున్నాడేమో’ అన్నాను.

‘నానా?’ అన్నాడు అప్పన్న బయటినుంచి, చాలా నొచ్చుకుని.

నా పద్ధతి నేను మొదలుపెట్టాను. వెనక్కి పెట్టి ఛత్రపురం పంపాను. తిరిగి వచ్చారు. నేను కణత మీద చెయ్యి వేసేలోపే సూరమ్మ గడప మీద కూచుంది.

‘లాగడం నేదు. ఒక డిగ్రీ ఇస్తానంటావు. నాను నాలుగంటాను. రెండు కాడ ఆగుతావు. ఆనక కొసరంటావు. అవునా?’

నేను చేతిలోని స్పానరు తుడవడం మొదలుపెట్టాను.

‘నాను సేపలమ్మినదాన్ని బాబూ. నిన్నటి సేప మీద నీల్లు జల్లి ఇయ్యాల్టిదని సెప్పినదాన్ని. ముందు సిన్నది సూపెట్టి, ఆల్లు మొకం సిట్లిస్తే ఎనకాల దాసిన పెద్దది తీసినదాన్ని. నాకా సూపెడతావు? నిజంగా ఎంతివ్వగలవో అది సెప్పు.’

లోపల పాత్రో మాస్టారు దగ్గారు. ఆ దగ్గు నవ్వని తెలుసుకోవడానికి నాకు క్షణం పట్టింది.

నిజంగా ఎంత ఇవ్వగలనో నాకు తెలియదు. అదివరకెన్నడూ ఇవ్వలేదు. మాస్టారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆయన సూరమ్మను అడిగారు, దారిలో బండి ఎక్కడైనా కొండ ఘాటు ఎక్కుతుందా అని. ఎక్కదు అంది ఆమె, అంతా సాపు రోడ్డే, ఒకే వేగంతో పోవడమే. ‘అయితే గీత మీదే పెట్టు’ అన్నారు నాతో. ‘అడ్వాన్సు డబ్బా విప్పు. దిమ్మలు విచ్చుకున్నాక తగిలి ఆగే చోటుంది చూడు, అక్కడ ఆకురాయితో రవ్వంత తియ్యి. స్టార్టు చేసేటప్పుడు, మెల్లగా పోయేటప్పుడు బండి పాత బండే. వేగం అందుకున్నాక మాత్రం రెండు డిగ్రీలు ఎక్కువ ముందుకు వెళుతుంది. ఈ ఇంజను అంతవరకు ఓర్చుకుంటుంది. అంతకు మించి వెంట్రుకంత కూడా కాదు.’

ఇన్నేళ్ళూ గీత అని తప్ప ఇంకో మాట అనని మనిషికి ఇదంతా తెలుసని నాకు ఆరోజు తెలిసింది. ఎప్పుడూ చెప్పలేదేమని అడిగితే, ‘సాపు రోడ్డు మీద పోయే బండేనా అని నువ్వెప్పుడైనా కనుక్కున్నావా?’ అన్నారు.

డబ్బా విప్పాను. రాసి, తుడిచి, కొలిచి, మళ్ళీ రాసి, దిమ్మలు సరిగ్గా రెండు డిగ్రీలు అదనంగా విచ్చుకునేలా చేశాను. పంపును మళ్ళీ ఎక్కించి గీత సరిచూశాను. సరిచూడటానికి పంపు మీద కొంగ మెడలా వంగిన సన్నటి గొట్టం బిగిస్తాం. ఫ్లైవీలు చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతుంటే గొట్టం కొసనుంచి డీజిలు ధారగా పడుతుంది. ధార చుక్కలవుతుంది. చుక్క ఆగిపోతుంది. ఆగిన ఆ క్షణమే ఇంజనులో చిమ్మడం మొదలయ్యే క్షణం. సూరమ్మ వంగి ఆ చుక్కల వంక తక్కెడ ముల్లును చూసినట్టు చూసింది.

‘అయింది. వేగం మీద రెండు డిగ్రీలు. ఇది నిజం’ అన్నాను.

‘మంచిది. మరి కొసరో?’

‘కొసరు లేదు సూరమ్మా. ఇవ్వగలిగిందంతా ఇచ్చేశాను.’

ఆమె నన్ను తిట్టినా బాగుండేది. విస్తరి ముందు నుంచి లేపేస్తే చూసినట్టు చూసింది. అప్పన్న అయితే తల తిప్పుకుని టైరు వంక చూశాడు. నా ఇబ్బంది మీకు అర్థమవుతోందా? నాటకం ఆడినన్నాళ్ళూ నా దగ్గర కొసరుకు లోటు లేదు, ముందే వెనక్కి పెట్టుకునేవాణ్ణి కాబట్టి. నిజం అమ్మిన ఒక్కరోజు చెయ్యి ఖాళీ.

‘కొసరు నేకుండా సరుకెత్తుకెల్లడం మా ఇంట నేదు’ అంది సూరమ్మ లేస్తూ. ‘సరేగాని, రేపు నువ్వూ బండి తోటి రావాల. నీ తూకం నీ కళ్ళ ముందే తూగాల.’

రంభ దాటాక

మర్నాడు గోపాలపూర్ వెళ్ళాను. పడవలు వచ్చాయి, పెట్టెలు ఎక్కించారు, మిట్టమధ్యాహ్నానికి బయలుదేరాం. క్యాబిన్లో అప్పన్న, నేను, అటు కిటికీ దగ్గర సూరమ్మ. స్టార్టు చేసినప్పుడు ఇంజను ఒకసారి వెనక్కి తన్నింది. అలా తన్నడమంటే మొదట్లోనే అడ్వాన్సు ఎక్కువైందని అర్థం. నేను తీసింది వేగం మీద పనిచేసే చోటు, స్టార్టు దగ్గర కాదు. అక్కడే దిగి చూడాల్సింది. కానీ చేపల పెట్టెల మధ్య, ఊరి జనమంతా చూస్తుండగా, నా పని మీద నాకే అనుమానం ఉన్నట్టు బోనెట్టు ఎత్తడానికి మొహం చెల్లలేదు.

ఛత్రపురం దాటాక రోడ్డు సాపుగా దొరికింది. బండి నిజంగానే దూసుకుపోయింది. అప్పన్న స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు.

‘ఇన్నారా మేస్త్రీ, ఎలా మాటాడతందో.’

విన్నాను. టంగు టంగు. హుమ్మా వచ్చేసరికి అది మాట్లాడటం కాదు, అరవడం. రెండు డిగ్రీలకు అంత మోత రాకూడదు. మాస్టారి లెక్క తప్పిందా, నా ఆకురాయి తప్పిందా అని లోపల కూడుకుంటున్నాను, తీసేసుకుంటున్నాను. రంభ ఊరు దాటి చిలక సరస్సు నీళ్ళు పక్కన కనబడేసరికి వేడి ముల్లు ఎర్ర గీత తాకింది, బోనెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది.

ఆపించి దిగాం. రేడియేటరు మూత తీస్తే నీళ్ళలో అన్నం కుండలోలా బుడగలు. హెడ్ గాస్కెట్ పోయింది. వంగి పంపు వైపు చూశాను. కప్లింగు మీది గీత ఒకచోట, దాని జోడు గీత ఇంకోచోట. మధ్యలో వేలు పెట్టేంత ఎడం. అంచు మీద సుత్తి దెబ్బ మెరుస్తోంది, కొత్తది.

‘అప్పన్నా, దీన్ని ఎవరు ముట్టుకున్నారు?’

అప్పన్న చిలక వైపు చూశాడు. సూరమ్మ అప్పన్న వైపు చూసింది.

‘నిన్న ఊరెల్తూ జంచను కాడ ఆగినాను వదినా. ఈ బాబు కొసరు ఇయ్యనేదు కదా. ఆ రోడ్డు పక్క మేస్త్రీ కాడ తీసుకున్నాను. ఊరికే ఏసిచ్చినాడు.’

‘ఎంత?’ అన్నాను నేను.

‘ఒక దెబ్బ.’

డిగ్రీల్లో ఎంతో కొలిచి చెప్పగలను కాని, ఆ సమయంలో ఒక దెబ్బ అన్న కొలత చాలా కచ్చితంగా అనిపించింది. సూరమ్మ మరిదిని తిడుతుందని ఎదురు చూశాను. తిట్టలేదు. కొసరు తెచ్చుకున్నవాణ్ణి తప్పు పట్టే ధైర్యం ఆమెకూ లేదు, ఆ మాటకొస్తే నాకూ లేదు. లారీ వెనకనుంచి ఐసు నీళ్ళు రోడ్డు మీదికి కారుతున్నాయి. ఆమె ఆ ధార వంకే చూస్తూ అడిగింది:

‘ఎల్తాదా?’

‘గీత మీదికి తెచ్చేస్తే, నీళ్ళు పోసుకుంటూ, నడిచినంత మెల్లగా కదులుతుంది. హావ్రా దాకా మాట లేదు.’

‘బుబనేసరం?’

‘లేదు.’

‘బాలుగాం?’

‘ఇంజను మిగలదు సూరమ్మా.’

‘మరి ఎందాకిస్తావు, సెప్పు.’

నా జన్మలో అంత కష్టమైన బేరం చెయ్యలేదు. ఎదుటి మనిషి కళ్ళలో నీళ్ళు లేవు, అదే కష్టం. ఆ జాగా పోతే తట్ట ఎత్తుకోవాలన్న మాట ఇద్దరికీ వినబడుతూనే ఉంది. ‘ఖల్లికోట దాకా ఇస్తాను’ అన్నాను. ‘అక్కడ స్టేషను దగ్గర నీడలో ఆపుకుని, నేను బరంపురం వెళ్ళి గాస్కెట్ తెస్తాను. రేపటికి—’

‘రేపు సేప ఉంటాదేటి?’ అని ఆగింది. ‘టేసనన్నావా?’

దరదామ్ లేని చోటు

ఆమె లారీ ఎందుకు కొన్నదో అప్పుడు చెప్పింది. బరంపురం స్టేషనులో చేపల పార్సిలుకు చోటంతా పెద్ద వర్తకులు ముందుగా మాట్లాడుకునేవారట. ఈమె తట్టలకు ఎన్నడూ దొరకలేదు. ఆ పంతం మీద కూడబెట్టి, అప్పు చేసి లారీ కొంది. ఖల్లికోటలో రైలు ఆగుతుందని, అక్కడ ఆ వర్తకుల పోటీ లేదని ఆమెకు తెలుసు. కాని లారీ బాగున్నన్నాళ్ళూ ఖల్లికోటలో ఆగే పని ఎవరికుంటుంది?

గీత కలిపి బోల్టులు బిగించాను. అప్పన్న నీళ్ళు మోశాడు. పొద్దు వాలకముందే స్టేషను చేరాం. పార్సిలు బాబు యువకుడు, చిలక రొయ్యల బుట్టలు తూచుకుంటున్నాడు. సూరమ్మ చక్కటి ఒడియాలో మొదలుపెట్టింది. తన కష్టం, సముద్రపు చేప గొప్ప, అతని తల్లి ఆరోగ్యం, అన్నీ అయ్యాక చార్జీ ఎంత తగ్గిస్తావని అడిగింది. అతను గోడకు ఉన్న రేట్ల పలక చూపించాడు.

‘మావుసీ, ఎఠి దరదామ్ నాహిఁ.’

పిన్నీ, ఇక్కడ బేరాల్లేవు అని. సూరమ్మ ఆ పలక వంక చూసి, నా వంక చూసింది. వెన్నెముక విరిగినట్టయింది ఆమెకు. నాకూ అంతే. ఇద్దరం ఆ పలక మీది అంకెలు పైనుంచి కిందికి చదివాం. రాసి ఉన్నదే ఇస్తారు, రాసి ఉన్నదే తీసుకుంటారు, రైలు వచ్చే వేళ కూడా రాసే ఉంది. ‘ఇలాగైతే మనిసన్నోడు ఎలా బతుకుతాడు’ అని గొణిగి డబ్బు కట్టింది.

పెట్టెల్లో ఐసు తిరగ పరిచి, పెట్టెలతో పాటు తనూ రైలెక్కింది.

మూడో రోజు ఆమె మా పంపు గదికి వచ్చేసరికి లారీని అప్పన్న, నేను తాడు కట్టించి తెచ్చి, కొత్త గాస్కెట్ వేస్తున్నాం. గడప మీద కూచుంది. వేలం గంట కొట్టకముందే తన పెట్టెలు దిగాయట. కమీషను సావుకారు ఆమెను చూసి, లారీ ఎంత స్పీడుగా తోలించావమ్మా అన్నాడట. ఆమె చెప్పలేదు. జాగా నిలిచింది. ఆమె బండిని అందరికంటే ముందు హావ్రా చేర్చిన మేస్త్రీనని నాకు కొన్నాళ్ళు పేరు కూడా వచ్చింది. టైమింగు మార్చి కాదు, ఇంజను చెడగొట్టి.

ఇకమీదట లారీ గోపాలపూర్ నుంచి ఖల్లికోట స్టేషను దాకానే అంది. నేను డబ్బాలో, దిమ్మలు ఆగే చోట కొత్త స్టాపరు వేసేస్తానని, టైమింగు గీత మీద పెడతానని చెప్పాను.

‘గీత మీదొద్దు. ఎనక్కెట్టు.’

ఇన్నేళ్ళలో మా గదిలో ఆ మాట ఎవరూ అనలేదు. పాత్రో మాస్టారు పని ఆపి చూశారు.

‘వెనక్కా? ఎందుకు?’

‘ఈడు గట్టిగా తోలితే పెట్లు ఎగిరి సేప నలిగిపోతంది. మెల్లగా ఎల్లాల. నాలుగు డిగ్రీలు ఎనక్కియ్యి.’

‘నాలుగు వెనక్కి పెడితే పొగ తప్ప ఏమీ రాదు సూరమ్మా. లాగదు.’

‘మూడియ్యి.’

‘అసలు గీతకి వెనక పెట్టకూడదు.’

‘రెండు. ఆ రోడ్డు పక్కోడి కాడికి ఎల్లమంటావేటి?’

 ముందుకు అడిగేవాళ్ళను ఆపడం నాకు తెలుసు, వెనక్కి లాగేవాళ్ళతో ఎప్పుడూ పనిబడలేదు. ఒకటి అంది, అర అంది, నేను గీత అంటూ ఉన్నాను, పాత్రో మాస్టారిలాగే, అదే గొంతుతో. చివరికి ఆమె కొంగు దులుపుకుని, నీ ఇష్టం వచ్చినట్టే ఏడువు అంది. నేను గెలిచాను. కొంగ మెడ గొట్టం బిగించి, చుక్క ఆగేదాకా చూసి, గీత మీద బిగించాను. ఆమె పక్కనే నిలబడి చూసింది.

‘గీత మీదే ఎట్టినావు కదా?’

‘అక్కడే.’

‘వెంటుకంత ముందుకి నేదు కదా?’

‘లేదు.’

‘అదే నాకు కావాల్సింది. ముందే గీత మీదెట్టమని అడిగితే నీలాంటోడు ఆగుతాడేటి? ఎంతో కొంత ముందుకెట్టి, కొసరని సెప్పి అంటగట్టెద్దువు.’

అప్పన్న స్టార్టు చేశాడు. ఇంజను మెత్తగా అందుకుంది, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. సూరమ్మ ఎక్కి తలుపు వేసుకుంది. నేను స్పానరు పట్టుకుని అక్కడే నిలబడ్డాను, ఎవరి వెనకా పరిగెత్తలేదు.